పాఠకుల ప్రశ్నలు: సెలవు చీటీ ఇచ్చినా హాజరు ఎందుకు పడదు?

సెమిస్టరు పరీక్షల ఫారాలు నింపే రోజులు దగ్గర పడ్డాయని మా శీర్షికకు వచ్చే ఉత్తరాలను చూస్తేనే తెలిసిపోతుంది. ఒడిశాలో పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఉన్న తెలుగు పాఠకులు ఈసారి ఒకే విషయం మీద రాశారు గనుక, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, హాజరుకు సంబంధించిన ఉత్తరాలకు మాత్రమే ఇక్కడ జవాబు చెబుతున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రకటించడం లేదు.

ప్రశ్న: మాస్టారికి నమస్కారములు. మాది పర్లాకిమిడి. మా అబ్బాయి బరంపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఈ సెమిస్టరులో వాడికి పచ్చకామెర్లు వచ్చి ఇంటికి వచ్చేశాడు. మొదట పసరు మందు పోయించాము, తరువాత సరిహద్దు అవతల పాతపట్నంలో మాకు తెలిసిన ఆర్ఎంపీ డాక్టరు గారి వద్ద వైద్యం చేయించాము. కోలుకునేసరికి 72 తరగతులు పోయాయి. సెమిస్టరు మొత్తం మీద 240 తరగతులు జరగగా 151కి హాజరయ్యాడని, అది 63 శాతం కూడా లేదని చెప్పి, పరీక్షకు అర్హుల జాబితాలో వాడి పేరు వేయలేదు. తిరిగి వెళ్ళిన రోజే సెలవు చీటీ ఇచ్చాడు, హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గారు దాని మీద సంతకం కూడా చేశారు. ఇప్పుడు డాక్టరు గారి సర్టిఫికెట్ పట్టుకుని వెళితే ఇది చెల్లదన్నారు. సంతకం చేసిన సెలవుకు హాజరు ఎందుకు వేయరు? వాడు జబ్బు కాకుండా మానినవి 17 తరగతులే. అందులో కూడా తొమ్మిది ఎన్ఎస్ఎస్ క్యాంపుకు వెళ్ళినప్పుడు పోయినవి.

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. సెలవు మంజూరు కావడం ఒకటి, హాజరు పడడం మరొకటి. ఉద్యోగికి సెలవు మంజూరైతే ఆ రోజు జీతం కూడా చేతికి వస్తుంది గనుక విద్యార్థి సెలవు కూడా అటువంటిదే అనుకోవడం సహజం. నేను పాఠం చెప్పిన ఇన్నేళ్ళలో ఈ భ్రమ లేని తల్లిదండ్రులను చాలా తక్కువగా చూశాను. మీ అబ్బాయి చీటీ మీద పడిన సంతకానికి అర్థం, అతడు చెప్పకుండా మానలేదని, అందుకు అతడిని సంజాయిషీ అడగనవసరం లేదని మాత్రమే. హాజరు పట్టీలో ఆ రోజుల గడులు గైర్హాజరుగానే ఉంటాయి.

దీనికి కారణం కఠినత్వం కాదు. డిగ్రీ చదువుల బోధనా ప్రమాణాలపై విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2003లో ప్రకటించిన నిబంధనల్లో, పరీక్షకు కూర్చోవాలంటే ఎన్ని తరగతులకు హాజరు కావాలో విశ్వవిద్యాలయమే నిర్ణయించాలని, అది సాధారణంగా 75 శాతానికి తగ్గరాదని ఉండేది. 2025లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ 75 అనే అంకెనే మనం వినడానికి అలవాటు పడ్డాము గానీ, దాని వెనుక ఉన్న 25 గురించి ఎవరూ మాట్లాడరు. జ్వరాలు, పెళ్ళిళ్ళు, ఊళ్ళో అమ్మవారి పండుగలు, తప్పిపోయిన రైళ్ళు, ఇవన్నీ ఆ నాలుగో వంతులోనే సర్దుకోవాలన్నది ఈ లెక్క వెనుక ఉన్న ఉద్దేశం. అది కూడా చాలనంత పెద్ద కష్టం వచ్చినప్పుడు, చాలని భాగాన్ని మన్నించే అధికారం పైవారికి ఉంటుంది. దానినే కళాశాల కార్యాలయాల్లో కండొనేషన్ అంటారు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఇది పది శాతం వరకు, అంటే 65 శాతం హాజరు ఉన్నవారి వరకు వర్తిస్తుంది. కొన్నిచోట్ల ఆ హద్దు వేరుగా ఉంటుంది గనుక, మీ అబ్బాయి చేరినప్పుడు ఇచ్చిన నియమావళి పుస్తకంలో హాజరు అనే శీర్షిక కింద ఏమి రాసి ఉందో ముందుగా చూడండి. మన్నింపు దొరికినా శాతం పెరగదు, తక్కువ శాతంతోనే పరీక్ష రాయనిస్తారు.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాము. 240లో 75 శాతం అంటే 180, 65 శాతం అంటే 156. మీ అబ్బాయికి ఉన్నవి 151. హద్దు 65 అయిన పక్షంలో అయిదు తరగతుల తేడాతో మన్నింపు గీతకు కిందికి జారిపోయాడు. జబ్బు ఒక్కటే ఉండి, మిగిలిన 17 తరగతులూ వెళ్ళి ఉంటే 168తో సరిగ్గా 70 శాతం ఉండేవాడు, ఈ ఉత్తరమే అవసరం లేకపోయేది. అయితే మీరు చివరలో మాటవరసకు రాసిన వాక్యమే మీ ఉత్తరం మొత్తానికి ప్రాణం. ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, విశ్వవిద్యాలయం తరఫున ఆడే ఆటలు, ఇవి మానిన తరగతులు కావు. కళాశాలే పంపిన పని గనుక, ప్రోగ్రాం ఆఫీసరు సంతకంతో జాబితా వెళితే వీటిని ఆన్ డ్యూటీగా హాజరులో కలపడం సర్వత్రా ఉన్న ఆనవాయితీ. ఆ జాబితా సంబంధిత అధ్యాపకులకు చేరకపోవడం కూడా అంతే సర్వసాధారణం! ఆ తొమ్మిదీ కలిస్తే 160 అవుతుంది, శాతం 66 దాటుతుంది. అప్పుడు మీరు మన్నింపు అడగడానికి అర్హులవుతారు. కాబట్టి మొదటి దరఖాస్తు జబ్బు గురించి కాదు, క్యాంపు గురించి పెట్టండి. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసరు గారి దగ్గర క్యాంపు తేదీలతో ధ్రువపత్రం తీసుకుని, హాజరు సరిచేయమని కోరుతూ హెచ్‌ఓడీ ద్వారా ప్రిన్సిపాలు గారికి ఇవ్వండి. రెండో దరఖాస్తు జబ్బు కారణంగా మన్నింపు కోరుతూ ఉండాలి. రెంటికీ నకలు మీద కార్యాలయపు ముద్ర, తేదీ వేయించుకోవడం మరువవద్దు. జాబితా ఖరారయ్యేలోగా ఇచ్చామని రుజువు చేసేది ఆ ముద్ర ఒక్కటే.

ఇక సర్టిఫికెట్ సంగతి. ఆర్ఎంపీ అనే మూడక్షరాలు మన పల్లెల్లో ఒక అర్థంలోనూ, చట్టంలో నమోదైన వైద్యుడు (రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్) అనే మరొక అర్థంలోనూ వాడుకలో ఉన్నాయి. కార్యాలయం అడిగేది మెడికల్ కౌన్సిల్‌లో నమోదై, సంతకం కింద నమోదు సంఖ్య వేయగల వైద్యుడి పత్రం. మన ఊళ్ళలో ఆర్ఎంపీ డాక్టరు అని గౌరవంగా పిలుచుకునేవారిలో ఎక్కువమందికి ఆ నమోదు ఉండదు. అర్ధరాత్రి తలుపు తట్టినా పలికే మనుషులు వారే అన్న సంగతి నాకు తెలుసు, వారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ కాగితాన్ని కార్యాలయం తిరస్కరించడం తప్పు కాదు. సరిహద్దు అవతలి డాక్టరు కాబట్టి చెల్లదన్నారేమోనని కొందరు అనుమానపడుతూ ఉంటారు. అది నిజం కాదు. నమోదైన వైద్యుడు శ్రీకాకుళంలో ఉన్నా విశాఖపట్నంలో ఉన్నా, ఆ కారణంగా అతడి పత్రాన్ని ఒడిశాలోని కళాశాల తోసిపుచ్చడానికి ఆధారం లేదు.

అయితే మీ చేతిలో ఇంకొక సాక్ష్యం ఉండవచ్చు. పచ్చకామెర్లకు వైద్యం చేసేవారు సాధారణంగా రక్త పరీక్ష చేయిస్తారు. కామెర్లలో రక్తంలో పెరిగే బిలిరుబిన్ ఎంత ఉందో చూపే ల్యాబ్ రిపోర్టుల మీద తేదీలు అచ్చయి ఉంటాయి. మొదటి రిపోర్టులో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల తరువాతి రిపోర్టులో తగ్గి ఉంటే, ఆ రెండు కాగితాలూ జబ్బు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉన్నదో చెప్పకనే చెబుతాయి. వాటిని తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడి దగ్గరికి వెళ్ళి, ఆ రిపోర్టులను పరిశీలించినట్లుగా, విద్యార్థి ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నట్లుగా రాసి ఇమ్మని కోరండి. ఆయన తాను చూడని రోజులకు తాను వైద్యం చేసినట్లు రాయరు, రాయమని అడగనూ కూడదు. పాత తేదీ వేసి సర్టిఫికెట్ రాసి ఇచ్చేవారు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరైనా ఉంటారు గానీ, అది పట్టుబడితే హాజరు చాలని పిల్లవాడు కాస్తా దొంగ పత్రం పెట్టిన పిల్లవాడు అవుతాడు. మొదటిదానికి మన్నింపు ఉంది.

చివరిగా ఒక మాట తండ్రిగా మీకు. సెలవు చీటీ తిరిగి వచ్చాక కాకుండా, జబ్బు తెలిసిన మొదటి వారంలోనే మీరే ఒక ఉత్తరం రాసి హాస్టలు వార్డెనుకూ హెచ్‌ఓడీకీ పంపి ఉంటే, ఇవాళ మీ మాటకు మరింత బలం ఉండేది. అందులో తెలుగు వద్దు. బరంపురం కార్యాలయంలో ఒడియా, ఇంగ్లీషు చదివేవారు ఉంటారు, తెలుగు కాగితం చదవగలిగినవారు ఆ రోజు సెలవులో ఉంటే అది అలాగే అడుగున పడిపోతుంది. ఎంతో వినయపూర్వకమైన పాత ఇంగ్లీషు ఏమీ అక్కరలేదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. పేరు, రోల్ నంబరు, జబ్బు, తేదీలు, ఏమి కోరుతున్నారో అయిదు ముక్కల్లో రాస్తే చాలు.

ప్రశ్న: నేను గుణుపురం నుంచి వచ్చి బరంపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఇక్కడ సంక్రాంతికి ఒక్క రోజే సెలవు ఇచ్చారు. మా తాతగారి ఊరు టెక్కలి దగ్గర. భోగి నుంచి ముక్కనుమ వరకు అందరమూ అక్కడే ఉండాలి. ఉగాది తరువాత మా అక్క పెళ్ళి కూడా ఉంది. మతపరమైన పండుగ కాబట్టి ఈ రోజులను సెలవుగా పరిగణించి హాజరు వేయమని అడగవచ్చునా మాస్టారూ?

జవాబు: అడగవచ్చునమ్మా, కానీ వేయరు. ఒడిశా సెలవుల పట్టికలో మకర సంక్రాంతి ఒక రోజు, జూన్‌లో రజ పండుగకు విడిగా సెలవులు. ఆంధ్ర కళాశాలల్లో దీనికి తలకిందులు. సరిహద్దులో పుట్టినవారికి రెండు రాష్ట్రాల పండుగలూ ఉంటాయి, సెలవులు మాత్రం చదివే చోటివే. రెండేళ్ళకొకసారి బరంపురంలో ఠాకురాణీ అమ్మవారి యాత్ర జరిగే వారాల్లో డేరా నేతవారి వీధి పిల్లలు సగం మంది తరగతిలో ఉండరు. వారికీ హాజరు వేయరు. నేనే వేసేవాడిని కాను.

అయితే మీరు వెళ్ళకూడదని నేను అనడం లేదు. లెక్క వేసుకుని వెళ్ళండి. ఒక పేపరుకు వారానికి నాలుగు తరగతుల చొప్పున పదిహేను వారాలు జరిగితే 60 తరగతులు. అందులో 15 మీవి. సంక్రాంతికి పేపరుకు మూడు, ఉగాదికి ఒకటి, అక్క పెళ్ళికి వారం రోజులు ఉంటే నాలుగు, మొత్తం ఎనిమిది పోతాయి. మిగిలిన ఏడూ జ్వరానికి అట్టిపెట్టుకోవాలి. సినిమాలకూ, నిద్రకూ ఇక చోటు లేదు. మొత్తం మీద 75 ఉంటే చాలునా, లేక ఒక్కొక్క పేపరులోనూ ఉండాలా అన్నది మీ విభాగంలో కనుక్కోండి. పేపరు వారీగా చూసేచోట, శుక్రవారం సాయంత్రం రైలెక్కే అలవాటున్న పిల్లలకు శనివారపు పేపరు ఒక్కటే దెబ్బ కొడుతుంది.

వెనకబడ్డాక అందుకోవడం ఎంత కష్టమో కూడా చెబుతాను. 40 తరగతులు జరిగేసరికి మీరు 26కి వెళ్ళి ఉంటే అది 65 శాతం. పది శాతమే కదా తక్కువ అనిపిస్తుంది. కానీ 75కి చేరాలంటే ఆ తరువాత ఒక్కటి కూడా మానకుండా వరుసగా 16 తరగతులకు వెళ్ళాలి. మొత్తం 60 తరగతులే అయితే, మిగిలిన 20లో 19కి వెళ్ళి తీరాలి. అందుకే నెలకొకసారి మీ హాజరు అడిగి తెలుసుకోండి. సెమిస్టరు చివర మాత్రమే హాజరు పట్టికను గోడకు అంటించే పద్ధతి పిల్లలకు చేసే అన్యాయమని నా అభిప్రాయం. నేను పనిచేసిన కళాశాలలోనూ ఏళ్ళ తరబడి అలాగే జరిగింది, నేనూ అందులో భాగస్వామినే.

ఇంకొక్క సంగతి. హాజరు కంటే ముందు ఇంటర్నల్ పరీక్షల తేదీలు చూసుకోండి. తెలుగు పిల్లలు లేని రోజు చూసి కనుమనాడు టెస్టు పెట్టిన అధ్యాపకులను నేను ఎరుగుదును. పెళ్ళికి వెళ్ళే ముందే శుభలేఖ జతచేసి చీటీ ఇస్తే, హాజరు పడకపోయినా టెస్టు మళ్ళీ పెట్టించుకునే వీలు చాలామంది ఇస్తారు.

ప్రశ్న: నేను జయపురంలో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. మా తమ్ముడు డిగ్రీలో 67 శాతం హాజరే ఉన్నా ఫీజు కట్టి పరీక్ష రాశాడు. నాకు టైఫాయిడ్ వల్ల ఒక పేపరులో 76 శాతం హాజరే వచ్చింది. ఆసుపత్రి కాగితాలన్నీ ఉన్నాయి. అయినా కుదరదంటున్నారు. వాడికి ఒక న్యాయం, నాకు ఒక న్యాయమా?

జవాబు: అవునమ్మా, రెండు న్యాయాలే. మీ తమ్ముడి హాజరును నిర్ణయించేది విశ్వవిద్యాలయం. మీ హాజరును నిర్ణయించేది భారతీయ నర్సింగ్ మండలి. దాని నియమం ప్రకారం ప్రతి పేపరులోనూ థియరీకి 80 శాతం, ప్రాక్టికల్‌కు 80 శాతం ఉండాలి, గైర్హాజరుకు కారణం ఏదైనా సరే అని కూడా అందులో ఉంది. ఆ మాట ఉన్నంతవరకు మీ ప్రిన్సిపాలు గారికి జాలి ఉన్నా అధికారం లేదు. డిగ్రీ చేతికి రావాలంటే వార్డు డ్యూటీల్లో నూటికి నూరు శాతం పూర్తి చేయాలి, అంటే పోయిన డ్యూటీలను తరువాత చేసి తీర్చాలి. రోగి పక్కన నిలబడి నేర్చుకోవలసిన పనిని సర్టిఫికెట్‌తో భర్తీ చేయలేమన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టలేను.

ఇదే విధంగా బీఫార్మసీలో థియరీకీ ప్రాక్టికల్‌కూ విడివిడిగా 80 శాతం, ఎంబీబీఎస్‌లో థియరీకి 75, ప్రాక్టికల్‌కు 80 శాతం కావాలి. న్యాయవిద్యకు బార్ కౌన్సిల్ 2008 నియమాలు ఒక్కొక్క సబ్జెక్టులో 70 శాతం పెట్టి, అసాధారణ కారణం ఉన్నప్పుడు ఆ సబ్జెక్టులో 65, అన్నీ కలిపి 70 ఉంటే పరీక్షకు అనుమతించే వీలు డీనుకు ఇచ్చాయి. ఇంట్లో ఇద్దరు పిల్లలు రెండు కోర్సుల్లో ఉన్నప్పుడు ఒకరి లెక్క మరొకరికి వేయడం వల్లనే ఇటువంటి దుఃఖం వస్తుంది.

మీకున్న దారి ఏమిటంటే, పరీక్షల లోపల ఆ పేపరులో అదనపు తరగతులు పెట్టించమని రాతపూర్వకంగా కోరండి. లోటు నాలుగు శాతమే. టైఫాయిడ్ బారిన పడినవారు మీ బ్యాచిలో మరికొందరు ఉంటే అందరూ కలిసి అడగండి, ఒక్కరి కోసం తరగతి పెట్టరు గానీ ఆరుగురి కోసం పెడతారు.

ప్రశ్న: నేను రాయగడలో ఉంటూ ఎంఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏడో నెల రాగానే పురిటికి శ్రీకాకుళం జిల్లాలోని పుట్టింటికి తీసుకువెళతామని మా అమ్మ పట్టుబడుతోంది. అత్తవారు చదువు మానేయమంటున్నారు. ప్రసూతి సెలవు ఉద్యోగినులకేనా, చదువుకునేవారికి కూడా ఉంటుందా?

జవాబు: చదువు మానేయవద్దమ్మా. డిగ్రీ, పీజీ చదువుతున్న స్త్రీలకు ప్రసూతి సెలవు ఇచ్చే విధంగానూ, హాజరులో సడలింపు, పరీక్ష ఫారాలు సమర్పించే గడువులో వెసులుబాటు కల్పించే విధంగానూ తగిన నియమాలు చేసుకోవాలని యూజీసీ 2021 డిసెంబరులో అన్ని విశ్వవిద్యాలయాలకూ లేఖ రాసింది. పీహెచ్‌డీ చేసేవారికైతే 240 రోజుల వరకు సెలవు నిబంధనల్లోనే ఉంది. మీ విశ్వవిద్యాలయం తన నియమాల్లో ఎంత మేరకు చేర్చిందో విభాగాధిపతి గారిని అడగండి. వారికి తెలియకపోతే ఆ లేఖ ప్రస్తావనతోనే దరఖాస్తు పెట్టండి. కేరళలో 2023 జనవరిలో నెలసరి కారణంగా విద్యార్థినులకు కావలసిన హాజరును 75 నుంచి 73 శాతానికి తగ్గించారు. అడిగేవారు ఉంటే నియమాలు కదులుతాయని చెప్పడానికే ఇది ప్రస్తావిస్తున్నాను.

మీ విషయంలో అసలు ప్రశ్న ఎప్పుడు వెళ్ళాలన్నది. ఏడో నెలలోనే వెళితే పురిటికి ముందు రెండు నెలలు, తరువాత కనీసం మూడు నెలలు, మొత్తం ఒక సెమిస్టరు దాదాపుగా పోతుంది. అంత లోటును ఏ సడలింపూ పూడ్చలేదు. డాక్టరు అభ్యంతరం చెప్పకపోతే తొమ్మిదో నెల వచ్చే వరకు తరగతులకు వెళ్ళి, ఆ తరువాత పుట్టింటికి వెళ్ళడం మేలు. అమ్మగారికి నచ్చజెప్పడం కష్టమే అయినా, ఆనవాయితీకి ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అయితే దోషం లేదని పెద్దవారు ఎవరిచేతనైనా చెప్పించండి. అది ఏ విధంగానూ కుదరకపోతే, హాజరు లోటుతో పరీక్ష పోగొట్టుకోవడం కంటే, ఆ సెమిస్టరు మొదట్లోనే అనుమతి తీసుకుని ఆగి, మరుసటి ఏడాది అదే సెమిస్టరులో తిరిగి చేరడం మంచిది. అనుమతి లేకుండా వెళ్ళిపోయినవారిని తిరిగి చేర్చుకోవడానికి కార్యాలయం ఎన్ని మెట్లు ఎక్కిస్తుందో చూసినవాడిని గనుక ఇంతగా చెబుతున్నాను.

ప్రశ్న: స్నేహితుడి బదులు తరగతిలో పలికితే ఏమవుతుంది? అందరూ చేసేదే కదా.

జవాబు: పలికినవాడికీ పలికించుకున్నవాడికీ ఇద్దరికీ ఆ రోజు హాజరు పోతుంది, చాలాచోట్ల అంతకు మించిన చర్య కూడా ఉంటుంది. పైగా, నిజంగా జబ్బు చేసి మన్నింపు అడిగే రోజున మీ పాత హాజరును కూడా ఎవరూ నమ్మరు.

ప్రశ్న: మాది కాశీనగరం దగ్గర పల్లె. వంశధారకు వరద వచ్చి నాలుగు రోజులు మా దారి మునిగిపోయింది. పర్లాకిమిడిలో కళాశాల మాత్రం జరిగింది. మా ఊరి పిల్లలం పదకొండు మందికీ ఆ నాలుగు రోజులూ గైర్హాజరు వేశారు. ఇది న్యాయమా మాస్టారూ?

జవాబు: తుపాను వచ్చి కళాశాల మూసేస్తే, ఆ రోజులు జరిగిన తరగతుల లెక్కలోకే రావు గనుక ఎవరికీ నష్టం లేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడూ, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడూ అలాగే అయింది. చిక్కంతా మీవంటి సందర్భంలోనే. కళాశాల తెరిచి ఉంది, దారి మూసి ఉంది. హాజరు శాతానికి కింద వేసే సంఖ్య జరిగిన తరగతులది, మీకు అందుబాటులో ఉన్న తరగతులది కాదు. నియమం వరకు చూస్తే అధ్యాపకుడు చేసినది సరైనదే.

కానీ దీనిని నేను జబ్బుతో సమానంగా చూడను. మీ ఊరి దారి మునిగిపోవడం మీ తప్పు కాదు. పదకొండు మందీ విడివిడిగా కాకుండా ఒకే దరఖాస్తు రాసి, అందరి రోల్ నంబర్లూ తేదీలూ వేసి, దారి మునిగినట్లు తహసీల్దారు కార్యాలయం నుంచి గానీ బీడీవో కార్యాలయం నుంచి గానీ ఒక ధ్రువపత్రం జతచేయండి. ఆ వార్త వచ్చిన ఒడియా దినపత్రిక కత్తిరింపు కూడా ఉంటే మంచిది. హాజరు వేయమని అడగవద్దు, అది ఎవరి చేతుల్లోనూ లేదు. ఆ నాలుగు రోజుల పాఠాలకు ప్రత్యేక తరగతులు పెట్టమని అడగండి. అవి జరిగితే హాజరు దానంతట అదే వస్తుంది, పోయిన పాఠం కూడా వస్తుంది. ప్రత్యేక తరగతులు కుదరకపోతే ఇదే దరఖాస్తును సెమిస్టరు చివర మన్నింపు కోసం వాడుకోవచ్చు. వరద తగ్గిన వారంలోనే తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళండి, నెల దాటితే ఏ రోజు నీరు ఎంత వరకు వచ్చిందో అక్కడ చెప్పేవారు దొరకరు.